ఫోటోలు ఏరడమూ ఇంటి పనే!

మీ ఫోనులో ఎన్ని ఫోటోలు వున్నాయో ఎప్పుడైనా లెక్క చూశారా? ఇది చదవడం ఆపి ఒక్కసారి చూసి రండి, ఫరవాలేదు. నాలుగు వేలా? తొమ్మిది వేలా? పదహారు వేలా? అందులో సగం, తెల్లారేసరికి వచ్చి పడే గులాబీపువ్వుల గుడ్ మార్నింగులే వుంటాయి. మరో పావు వంతు పిల్లల స్కూలు సర్క్యులర్లూ, కరెంటు బిల్లూ, కిరాణా చీటీ, చీరల కొట్టు వాళ్ళు పంపిన రంగులూను. మిగిలిన ఆ కాస్తలోనే మన పిల్లల బారసాలలూ, అమ్మానాన్నల షష్టిపూర్తీ, మనం వెళ్ళిన తిరుపతీ అన్నీ వున్నాయి.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. మీ అమ్మగారు ఒక్కరే, ముఖం చక్కగా కనిపిస్తూ, నవ్వుతూ వున్న ఫోటో ఒకటి రెండు నిమిషాల్లో తీసి చూపించగలరా? మా అపార్ట్‌మెంటులో ఓ మధ్యాహ్నం పదకొండు మంది ఆడవాళ్ళం కూర్చుని సరదాగా ఈ పరీక్ష పెట్టుకున్నాం. చూపించగలిగింది ఇద్దరే. తక్కిన వాళ్ళందరూ, "వుందండీ, తప్పకుండా వుంది, ఎక్కడో వుంది" అంటూ వేలితో పైకీ కిందకీ జరుపుతూనే వున్నారు.

ఆ "ఎక్కడో వుంది" అన్న మాట గురించే నేను చెప్పబోయేది. వంటింట్లో ఇది మనకి బాగా తెలిసిన సంగతే. అల్మరా వెనకాల ఎక్కడో ఇంగువ డబ్బా వుంటుంది. పులిహోర పోపు వేసేటప్పుడు చేతికి దొరకదు. అంటే ఆ పూటకి అది లేనట్టే కదా! ఫోటోలూ అంతే. వున్నది వేళకి దొరకకపోతే లేనట్టే.

వేళకి దొరకని ఫోటో

మా పెదనాన్నగారు నాలుగేళ్ళ కిందట పోయారు. ఆయన కొడుకులిద్దరూ ఇక్కడే, ఒకరు గచ్చిబౌలిలో, ఒకరు నానక్‌రామ్‌గూడలో పెద్ద పెద్ద కంప్యూటర్ కంపెనీల్లో పనిచేస్తారు. వాళ్ళ ఫోనుల్లో, కోడళ్ళ ఫోనుల్లో, మనవళ్ళ ఫోనుల్లో అన్నీ కలిపితే అరవై వేల ఫోటోలైనా వుంటాయి. కానీ మర్నాటికి దండ వేయడానికి ఒక్క ఫోటో కావలసి వచ్చేసరికి ఎవరికీ దొరకలేదు. ఒకదాంట్లో ఆయన చివర వున్నారు, సగం భుజమే పడింది. ఒకదాంట్లో కళ్ళు మూసుకున్నారు. ఇంకోదాంట్లో కేకు అడ్డం వచ్చింది. ఆ దుఃఖంలో, వచ్చేపోయే చుట్టాల మధ్య వేలకి వేలు వెతికే ఓపిక ఎవరికి వుంటుంది చెప్పండి? చివరికి ఆధార్ కార్డు మీద వున్న ఫోటోనే పెద్దది చేయించి పటం కట్టించారు. ఆ కార్డు ఫోటోలు ఎలా వుంటాయో మీకు చెప్పక్కర్లేదు.

మూడు నెలలు గడిచాక మా చిన్న వదిన పాత ఫోనులో మరేదో వెతుకుతుంటే ఒక ఫోటో బయటపడింది. శిల్పారామంలో ఒక చెట్టు కింద అరుగు మీద కూర్చుని, చేతిలో మొక్కజొన్న పొత్తు పట్టుకుని, మనవడి మాటకి పకపకా నవ్వుతున్నారు పెదనాన్నగారు. అచ్చం ఆయనే. పదిహేను నిమిషాలు ఎవ్వరూ మాట్లాడలేదు. "ఇది ఆ రోజు దొరికితే ఎంత బావుండేదే" అని మాత్రం మా దొడ్డమ్మ అంది.

ఎవరి తప్పూ లేదండి. ఫోటో వుంది. దాన్ని ఎవరూ ఏరి పక్కన పెట్టలేదు, అంతే. అందుకే ఫోటోలు ఏరడమంటే పారేయడం అని నేననుకోను. దాచుకోవడమే అనుకుంటాను.

అప్పుడు ముందే ఏరేవారు

వెనకటి రోజుల్లో ఈ ఏరే పని ఫోటో తీయకముందే అయిపోయేది. మన హైదరాబాదు ఫోటోల మాట వస్తే ముందు చెప్పుకోవలసిన పేరు రాజా దీన్‌దయాళ్‌ది. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, సర్వే పని నేర్చుకుని, ఫోటోగ్రఫీలోకి వచ్చి, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. 1905లో పోయారు. ఆయన కాలంలో ఫోటో అంటే గాజు పలక. ఒక పలక మీద ఒకటే బొమ్మ. బరువైన కెమెరా, దానికో మూడుకాళ్ళ స్టాండు, పగిలిపోయే పలకలు. ఇన్ని తంటాలుంటే వూరికే నొక్కుతారా? ఎక్కడ నిలబడాలి, ఎవర్ని కూర్చోబెట్టాలి, వెలుగు ఎటు పడుతోంది, అన్నీ ముందే చూసుకునేవారు. ఆయన గాజు నెగెటివుల్ని 2,857 దాకా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించి భద్రపరిచింది. నూరేళ్ళు దాటినా చూడగలుగుతున్నామంటే, తీసింది జాగ్రత్తగా తీశారు, తీసినదాన్ని ఎవరో జాగ్రత్తగా దాచారు.

మన ఆడవాళ్ళకి ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి వుంది. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాదులో కేవలం స్త్రీల కోసమే ఒక జెనానా స్టూడియో తెరిచారు. ఘోషా పాటించే ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ ఎదట కూర్చోరు కదా, అందుకని దాన్ని మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనిత చేతికి అప్పగించారు. ఆడవాళ్ళ ఒక్క ఫోటో కోసం అంత ఏర్పాటు! ఇవాళ మన చేతిలోనే కెమెరా వుంది. అయినా ఇంటి ఫోటోల్లో ఇల్లాలు ఎన్నింటిలో కనిపిస్తోందో తర్వాత మాట్లాడుకుందాం.

మన చిన్నప్పుడు రీలు కెమెరా. ఒక రీలుకి 36 ఫోటోలు. ఎండాకాలం సెలవులకి వూరెళితే ఆ 36తోనే సరిపెట్టాలి. నాన్నగారు "కదలకండి, కదలకండి" అని అరిచి మరీ నొక్కేవారు. స్టూడియోలో కడిగించి తెచ్చాక బాగా వచ్చినవి ఆల్బమ్‌లోకి, రానివి కవరులోనే. అంటే సగం ఏరడం ముందు, సగం తర్వాత అన్నమాట. ఇప్పుడో? నొక్కడానికి పైసా ఖర్చు లేదు. కాబట్టి ఏరే పనంతా తర్వాతకే మిగిలిపోయింది. ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదు!

మాదాపూర్‌లో ఓ పాఠం

హైటెక్ సిటీ చుట్టుపక్కల వుండేవాళ్ళకి ఒక సదుపాయం వుంది. మాదాపూర్‌లో, కావూరి హిల్స్ దగ్గర స్టేట్ ఆర్ట్ గ్యాలరీ వుంది. 2015లో లైట్ క్రాఫ్ట్ ఫౌండేషన్ అనే సంస్థ ఇండియన్ ఫోటో ఫెస్టివల్ మొదలుపెట్టింది. ఆ ప్రదర్శనలు ఈ గ్యాలరీలో పెడుతూ వచ్చారు. దేశదేశాల ఫోటోగ్రాఫర్లు తీసిన బొమ్మలు గోడల మీద వుంటాయి. మావారి ఆఫీసు దగ్గరే కాబట్టి ఒకసారి నేనూ వెళ్ళి చూశాను.

నన్ను ఆకట్టుకున్నది గోడల మీది ఖాళీ. ఒక మనిషి నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఒకే విషయం మీద తీసిన వాటిలోంచి గోడ మీదకి వచ్చినవి గుప్పెడే. ఒక్కోదాని ముందు జనం ఆగి చూస్తున్నారు. అవే వెయ్యి పెట్టి వుంటే? మనం ఫోను జరిపినట్టే జరుపుకుంటూ పోయేవారు.

పెద్ద పెద్దవాళ్ళూ ఇలాగే చేశారు. రాబర్ట్ ఫ్రాంక్ అనే ఫోటోగ్రాఫర్ 1955, 1956 సంవత్సరాల్లో అమెరికా అంతా కారులో తిరిగి 27 వేలకు పైగా ఫోటోలు తీశాడు. అందులోంచి వెయ్యి పైచిలుకు ప్రింట్లు వేసుకుని, గోడలకి గుచ్చి, నేల మీద పరుచుకుని చూసుకున్నాడు. చివరికి పుస్తకంలో పెట్టినవి 83. ఆ పుస్తకం ముందు 1958లో పారిస్‌లో, మరుసటి ఏడు అమెరికాలో వచ్చింది. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 1955లో ఎడ్వర్డ్ స్టైకెన్ పెట్టిన ప్రదర్శనకైతే ఇరవై లక్షల దాకా ఫోటోలు చూసి 503 ఎంచారట. పుట్టుక, పెళ్ళి, పని, ఆట, చావు, 68 దేశాల మనుషుల బతుకంతా ఆ 503లో ఇమిడిపోయింది. మరి మన ఒక్క ఇంటి బతుకు రెండు వందల ఫోటోల్లో ఇమడదంటారా?

చెరగడం, ఏరడం, గాలించడం

మా ఆడపడుచు కూతురి పెళ్ళయి రెండేళ్ళయింది. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, మూడు రోజులు, పైన ఎగిరే డ్రోన్ ఒకటి. పెన్‌డ్రైవ్‌లో మొత్తం 5,200 ఫోటోలు ఇచ్చి, "మేడమ్, రెండు వందలు సెలెక్ట్ చేసి నంబర్లు పంపండి, నలభై షీట్ల కరిజ్మా ఆల్బమ్ వేసిస్తాం" అన్నారు. పిల్లా అల్లుడూ డల్లాస్ వెళ్ళిపోయారు. వాళ్ళకి రాత్రయితే మనకి పగలు. మా ఆడపడుచేమో "నాకన్నీ బాగానే వున్నట్టున్నాయి వదినా" అంటుంది. మగపెళ్ళివారు "మీరే చూడండి" అంటారు. అలా ఎనిమిది నెలలు ఆ పెన్‌డ్రైవ్ బీరువాలోనే వుండిపోయింది. ఆఖరికి ఆ పని నా నెత్తిన పడింది.

ఎలా మొదలుపెట్టాలా అని చూస్తే మనకి తెలిసిన పద్ధతే పనికొచ్చింది. బియ్యం బాగుచేసే పద్ధతి!

మొదటిది చెరగడం. చేటలో పోసి చెరిగితే పొట్టూ తవుడూ ఎగిరిపోతాయి కదా. ఇక్కడ ఆలోచన అక్కర్లేదు, చేతివాటం చాలు. ఎవరిదో వీపు, నేల, సగం చెయ్యి, వీడియో లైటు అడ్డం వచ్చినవి, మనిషి మీద మనిషి పడినవి, అన్నీ పక్కకి. వీటి దగ్గర ఆగి ముచ్చట పడకూడదు. రెండు మధ్యాహ్నాల్లో 5,200 కాస్తా 2,900 అయ్యాయి.

రెండోది ఏరడం. ఒకే భంగిమలో పది పన్నెండు వుంటాయి. తలంబ్రాల దగ్గరే మూడు వందలున్నాయి! అన్నీ ఒకేసారి చూస్తే కళ్ళు తిరుగుతాయి. చీరల కొట్లో మనం ఏం చేస్తాం? రెండు చీరలు చేత పట్టుకుని, ఒకటి పక్కన పెట్టి, మిగిలినదాని పక్కన మూడోది పెట్టి చూస్తాం. ఇదీ అంతే. రెండేసి చూడండి, ఒకటి వుంచండి. కళ్ళు తెరిచి వున్నాయా అన్నది పెళ్ళికొడుకు, పెళ్ళికూతుళ్ళకే కాదు, వెనక నిలబడ్డ మేనత్తకీ చూడాలి. గ్రూపు ఫోటో అయితే కుడి చివరి నుంచి ఎడమ చివరి దాకా ఒక్కో ముఖం మీద వేలు పెట్టి చూడండి. మూడు మధ్యాహ్నాల్లో 640కి వచ్చాను.

మూడోది గాలించడం. నీళ్ళు పోసి మెల్లగా ఊపుతూ బియ్యం అటు వంపుకుంటే రాళ్ళు అడుగున వుండిపోతాయి. దీనికి తొందర పనికిరాదు. నాలుగు రోజులు వదిలేసి మళ్ళీ చూశాను. మొదటిసారి అబ్బో అనిపించినవి కొన్ని ఇప్పుడు వుత్త మెరుపుల్లా కనిపించాయి. పట్టించుకోనివి కొన్ని నన్ను ఆపేశాయి. ఇక్కడ నేనొక చీటీ రాసి పెట్టుకున్నాను. పసుపు దంచడం, స్నాతకం, గౌరీపూజ, కన్యాదానం, జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు, ఇలా ఒక్కో ఘట్టానికి ఇన్నని. ముహూర్తం అంటే జీలకర్ర బెల్లం కాబట్టి దానికి ఒక మంచి ఫోటో తప్పనిసరి. పూలజడ మీద మూడు చాలు. చీటీ లేకపోతే ఆల్బమంతా నగలూ చీరలే అయిపోతాయి. చివరికి 210 తేలాయి. ఆ పది ఎక్కువైనందుకు స్టూడియో అబ్బాయి ఏమీ అనలేదు!

పెద్దవాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి ఏరేటప్పుడు మాటలు పెరగకుండా ఒక నియమం పెట్టుకోండి. తన ఫోటో వద్దనే హక్కు ఎవరికి వాళ్ళకి వుంటుంది. "నేను లావుగా పడ్డాను, అది తీసేయ్" అంటే మారుమాట్లాడకుండా తీసేయండి, అదే మనిషిది మరోటి పెట్టండి. కానీ పక్కవాళ్ళ ఫోటో వద్దనే హక్కు మాత్రం ఎవరికీ వుండకూడదు. అటు వాళ్ళవెన్ని, ఇటు వాళ్ళవెన్ని అని కూడా చివర్లో ఒకసారి లెక్క చూసుకోండి. వియ్యపురాలు ఆల్బమ్ తిరగేసేటప్పుడు ముందు చూసేది అదే!

ఆల్బమ్‌లో ఎవరికి చోటు?

ఇక అసలు విషయానికి వస్తాను. స్టూడియో వాళ్ళు తమకి నచ్చినవి వంద విడిగా పెట్టిచ్చారు. చాలా అందంగా వున్నాయి. కానీ అందులో మా ఆడపడుచు వాళ్ళ పెద్దత్తగారు ఒక్కదాంట్లోనూ లేరు. ఆవిడ చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకున్నారు. పెళ్ళిపనులు నెల రోజుల ముందు నుంచీ ఆవిడ చేతి మీదే నడిచాయి. సారె సర్దింది ఆవిడ, చలిమిడి చేసింది ఆవిడ, ఎవరికి ఏ బట్టలు పెట్టాలో గుర్తున్నది ఆవిడకి. పీటల దగ్గరకి మాత్రం రారు, ఎవరూ రమ్మనరు. 5,200 ఫోటోల్లో ఆవిడ కనిపించినవి నాలుగంటే నాలుగు.

అందులో ఒకటి కాస్త చీకటిగా వుంది. విడిదింటి సామాన్ల గదిలో నేల మీద కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదకి జారి, పెదాలు కదుపుతూ లడ్డూలు లెక్కపెడుతున్నారు. చెరిగేటప్పుడు ఎగిరిపోవలసిన ఫోటోయే. నేను పట్టి వుంచాను. "పెళ్ళి ఆల్బమ్‌లో అదెందుకమ్మా" అని ఒకరిద్దరు పెద్దవాళ్ళు అన్నారు. మా ఆడపడుచు మాత్రం, "వుండనీ వదినా, ఆవిడ లేకపోతే ఈ పెళ్ళే లేదు" అంది. భోజనాల పేజీలో, పూర్తి సైజులో వేయించాం.

ఆల్బమ్ వచ్చిన రోజు ఆవిడ అందరితో పాటు కూర్చుని పేజీలు తిప్పుతున్నారు. ఆ పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు చూసి, "నన్ను కూడా తీశాడుటే ఆ అబ్బాయి!" అన్నారు. అంతే. తర్వాత పేజీ తిప్పలేదు.

ఎంచడంలో వున్న బరువు అదండి. కెమెరావాడు తీసేది అందరినీ. ఆల్బమ్‌లో మిగిలేది మనం ఎంచినవాళ్ళు. ముప్పై ఏళ్ళ తర్వాత మనవలు ఆల్బమ్ తెరిస్తే, అందులో వున్నవాళ్ళే ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళు, లేనివాళ్ళు రానట్టే. కాబట్టి అందం చూసి మాత్రమే ఎంచకండి. వంటవాళ్ళు, మేకప్ లేని పిన్ని, పందిట్లో నిద్రపోయిన పసివాడు, చక్రాల కుర్చీలో తాతగారు, వీళ్ళకి తలో ఫోటో వుందో లేదో చూడండి. కాస్త మసకగా వున్నా, ఆ మనిషిది అదొక్కటే అయితే అది పోకూడదు.

ఇంటి ఫోటోల్లో మరీ తక్కువగా కనిపించేది ఎవరో తెలుసా? మనమే! ఫోను మన చేతిలో వుంటుంది, వడ్డించేదీ మనమే. పిల్లల పుట్టినరోజు ఫోటోలు పదేళ్ళవి తీసి చూడండి, అమ్మ ఎన్నింటిలో వుందో. ఇకముందు ఏ పండగైనా కేకో, దీపమో, పరమాన్నమో సిద్ధం కాగానే ఫోను పెద్దపిల్లవాడికిచ్చి, కొంగు సర్దుకుని వెళ్ళి మధ్యలో నిలబడండి. సిగ్గుపడకండి.

వెనకాల వున్నది కత్తిరించకండి

ఫోటో బాగుచేయడమంటే మన ముఖం ఒక్కటే వుంచి తక్కినది కత్తిరించడం అనుకుంటారు చాలామంది. ఆగండి! మా పక్క ఫ్లాటులో వుండే ఆవిడ అత్తగారిది అసలు మాదాపూరే. ఆవిడ దగ్గర ఒక పాత కలర్ ఫోటో వుంది. ఆవిడ పెద్దకొడుకు కొత్త స్కూటర్ మీద కూర్చున్నాడు. వెనకంతా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పెద్ద పెద్ద బండలు, రెండు మేకలు, ఎర్రమట్టి బాట. "ఇగో, ఈ బండలు చూసిన్రా బిడ్డా? గిప్పుడు గీడ బిల్డింగులొచ్చినయ్. మా పోరగాళ్ళకి చెప్తే నమ్మరు" అంటుందావిడ. ఆ ఫోటో చూస్తే నమ్ముతారు.

సైబర్ టవర్స్‌ని 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. హైటెక్ సిటీకి మెట్రో రైలు 2019 మార్చిలో వచ్చింది. దుర్గం చెరువు మీద తీగల వంతెన 2020 సెప్టెంబర్‌లో తెరిచారు. మేము 2004లో కొండాపూర్ వచ్చినప్పుడు మా బాల్కనీలోంచి కనిపించిన గుట్ట ఇప్పుడు లేదు. మా అబ్బాయి మొదటి పుట్టినరోజు ఫోటోలో వాడి తల వెనకాల మాత్రం వుంది. తారీఖు రాయకపోయినా, వెనక కనిపించేదాన్ని బట్టి అది ఏనాటిదో చెప్పుకోవచ్చు. అందుకని రెండు ఫోటోల్లో మనుషులు ఒకేలా పడితే, వెనకాల ఇల్లో, వీధో, చెట్టో, పాత వంటిల్లో కనిపించేదాన్ని వుంచండి. గోడ ఒక్కటే కనిపించేది తీసేయండి.

చెరిపేముందు ఈ జాగ్రత్తలు తీసుకోండి

* ఏరడం వేరు, చెరపడం వేరు. ముందు మంచివాటికి నక్షత్రం గుర్తో, గుండె గుర్తో పెట్టుకుంటూ పోండి. అవి విడిగా ఒకచోట చేరతాయి. చెరిపే పని తర్వాత.

* గూగుల్ ఫోటోస్‌లో హద్దు లేకుండా వుచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో పోయింది. వుచితంగా ఇచ్చేది 15 జీబీ. అందులోనే జీమెయిల్ కూడా. మెమరీ నిండిందని వస్తే కంగారుపడి ఫోటోలు చెరపకండి. ముందు పెద్ద పెద్ద వీడియోలూ, వాట్సాప్ ఫార్వర్డులూ తీసేయండి.

* బ్యాకప్ అయిన ఫోటోని ఆ యాప్‌లోనే చెరిపితే ఫోనులోంచీ, బ్యాకప్‌లోంచీ కూడా పోతుంది. పొరపాటున పోతే వెంటనే ట్రాష్‌లో చూడండి. బ్యాకప్ అయినవి అక్కడ 60 రోజులు వుంటాయి. ఐఫోనులో సుమారు 30 రోజులు.

* ఎంచినవాటికి మూడు కాపీలు వుండాలి. ఒకటి ఫోనులో, ఒకటి హార్డ్ డిస్కులోనో పెన్‌డ్రైవ్‌లోనో, ఒకటి ఇంటి బయట, అంటే అక్క ఇంట్లోనో ఆన్‌లైన్‌లోనో. పెన్‌డ్రైవ్ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం.

* పెళ్ళి ఫోటోలు స్టూడియోలో ఎంతకాలం వుంచుతారో ముందే అడగండి. ఎప్పటికీ వుంచుతారనుకోవద్దు.

* ప్రింటు వేయించే ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంటుగా పంపమనండి. నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాల ప్రింటు స్పష్టంగా రావాలంటే ఫోటో 1200, 1800 పిక్సెళ్ళకి తగ్గకుండా వుండాలి.

* పాత ఆల్బమ్‌లు సర్దేటప్పుడు నెగెటివులు పారేయకండి. ఫోటో వెనక మెత్తని పెన్సిల్‌తో, ఒత్తకుండా, ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అని రాయండి. ఆ పేర్లు చెప్పగలిగే పెద్దవాళ్ళు ఇంట్లో వున్నప్పుడే రాయించుకోవాలి.

* పోయినవారి ఫోటోలు, ముఖ్యంగా ఆస్పత్రిలో తీసినవి, వెంటనే చెరపకండి. అలాగని రోజూ కంటబడనివ్వకండి. వేరే ఫోల్డర్‌లో వేసి ఆరు నెలలు ఆగండి. ఏది వుంచాలో ఏది వద్దో అప్పుడు మనసే చెబుతుంది.

ఏడాదికి యాభై చాలు

ఇన్నేళ్ళ ఫోటోలూ ఒక్కసారి బాగుచేయాలంటే ఎవరి వల్లా కాదు. నిల్వ బియ్యం బస్తా మొత్తం ఒకేరోజు బాగుచేస్తామా? వారానికి సరిపడా తీసుకుంటాం. అలాగే ఈ ఏడాదితో మొదలుపెట్టండి. రోజూ మధ్యాహ్నం ఒక అరగంట. ఏడాది మొత్తానికి యాభై ఎంచండి. ఆ యాభైలో ఇంట్లో ప్రతివారిదీ ఒంటరిగా ఒక్కటి, అందరూ కలిసి ఒక్కటి, ఇల్లు కనిపించేది ఒక్కటి తప్పకుండా వుండాలి. ఏడాదికోసారి ఆ యాభై ప్రింటు వేయించి చిన్న ఆల్బమ్‌లో పెట్టండి. ఒక మామూలు చీర ఖరీదు కూడా కాదు. కరెంటు లేకపోయినా, పాస్‌వర్డ్ మరిచిపోయినా తెరుచుకునేది అదే.

అంతకంటే ముందు చేయవలసింది ఒకటి వుంది. ఈ వారంలోనే మీ ఇంట్లో, మీ పుట్టింట్లో పెద్దవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టుకోండి. ఒక్కొక్కరిది ఒక్క మంచి ఫోటో వెతికి, వేరుగా పెట్టి, వాళ్ళకే చూపించండి. "ఇది బాగుందా అత్తయ్యా? దీంట్లో మీరెంత బాగున్నారో!" అనండి. లేదని తేలితే ఇంకా మంచిది. సాయంత్రం ఎండ తగ్గాక వరండాలో కూర్చోబెట్టి, ఓ జోకు చెప్పి, నవ్వినప్పుడు తీయండి. ఎదురుగా వున్నారు కాబట్టి తీయగలం.